కప్పులో తాళంచెవి

"స్పడ్, టీ చల్లారిపోయిందని ఆవిడకి చెప్పు."

బల్ల కింద పడుకున్న ముసలి కుక్క తన పేరు విని తోక ఆడించింది. మెర్విన్ ట్రెలోర్ భార్యతో నేరుగా మాట్లాడి అప్పటికి రెండు రోజులైంది. మంగళవారం పొద్దున్నించీ ఆయన చెప్పదలుచుకున్నదంతా కుక్కకే చెబుతున్నాడు.

"స్పడ్, కెటిల్ ఎక్కడుంటుందో ఆయనకి చూపించు. నలభై రెండేళ్ళుగా ఆ మూలే ఉంది పాపం, ఆయన కంటికి ఆనలేదు," అంది నోయెలీన్.

కుక్క ఇద్దరి వంకా చూసి, ఎటూ తేల్చుకోలేక మళ్ళీ పడుకుంది.

మెర్విన్ కప్పుని ఠక్కుమని బల్ల మీద పెట్టాడు. టీ తొణికి, అంచు మీదుగా కారి ప్యాంటు మీద పడింది. తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఓడిపోయినట్టని ఆయన ఉద్దేశం. అరవై ఏడేళ్ళు వచ్చాయి, ఇంకా ఈ పంతాలేమిటని నోయెలీన్‌కి ఒళ్ళు మండిపోయింది. గుడ్డ తీసుకుని బల్ల తుడిచింది. ప్యాంటు జోలికి పోలేదు.

ఇంతకీ తను చేసిన ఘోరం ఏమిటి? మంగళవారం నాడు సార్జెంట్ మాక్రే వచ్చింది. విల్గారా పోలీసు స్టేషన్‌కి కొత్తగా బదిలీ అయిన పిల్ల, ముప్పయ్యేళ్ళు కూడా ఉండవు. తుపాకుల బీరువా తనిఖీ చెయ్యాలంది. మెర్విన్ అప్పుడు దూరప్పొలంలో కంచె తీగలు బిగిస్తున్నాడు. నోయెలీన్ ఆ పిల్లని కూర్చోబెట్టి టీ ఇచ్చింది, అప్పుడే పొయ్యిలోంచి తీసిన స్కోన్ రొట్టె మీద జామ్ రాసి పెట్టింది. "బీరువా ఒకసారి తెరిచి చూపిస్తారా?" అని ఆ పిల్ల మామూలుగా అడిగింది. నోయెలీన్ లేచి, షెల్ఫు మీదున్న వెండి కప్పులో చెయ్యి పెట్టి, తాళంచెవి తీసి ఆమె చేతికిచ్చింది. ఇంటికొచ్చిన మనిషి ఏదైనా అడిగితే లేదనడం ఆవిడకి పుట్టి బుద్ధెరిగాక చేతకాలేదు.

అదే కొంప ముంచింది. లైసెన్సు ఉన్నవాడికి తప్ప ఆ తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో ఇంకెవరికీ తెలియకూడదు. పెళ్ళానికైనా సరే, తెలియకూడదు. చట్టం అది. సార్జెంట్ సగం తిన్న స్కోన్‌ని ప్లేటులో పెట్టేసి, "అయ్యో, మిసెస్ ట్రెలోర్!" అంది. నిజంగా జాలిపడే అంది. గంట తిరిగేసరికి నాలుగు రైఫిళ్ళూ పోలీసు బండి ఎక్కాయి. మెర్విన్ లైసెన్సుకి తాత్కాలికంగా తాళం పడింది. శుక్రవారం మధ్యాహ్నంలోగా రాతపూర్వకంగా సంజాయిషీ పంపకపోతే ఆ తాత్కాలికం కాస్తా శాశ్వతమవుతుంది.

వచ్చే నెల రాణిగారి పుట్టినరోజు సెలవులకి విల్గారా రైఫిల్ క్లబ్బుకి నూరేళ్ళు నిండుతాయి. ముప్పై ఒక్కేళ్ళుగా క్లబ్బువాళ్ళు గురి కాల్చే మైదానానికి, ఆ రేంజికి, కెప్టెన్ మెర్విన్. ఆయన "కాల్చండి" అంటే కాలుస్తారు, "ఆపండి" అంటే ఆపుతారు. లైసెన్సు లేనివాడు రేంజి గేటు లోపల టీ గుడారం దాటి అడుగు పెట్టకూడదు. నూరేళ్ళ పండగనాడు ఆయన ఆడవాళ్ళతో కూర్చుని కేకు ముక్కలు పంచుకోవాలి.

"కప్పు దులపమని నీకెవడు చెప్పాడు?" అని మంగళవారం ఒక్క ప్రశ్న వేశాడు. భార్యతో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అది.

"దుమ్ము చెప్పింది," అంది నోయెలీన్.

అది అబద్ధం కాదు. ఆ కప్పుని ఆవిడ వారం వారం దులుపుతుంది. ఆ ఇంట్లో దుమ్ము దులిపే మనిషొకతి ఉందని, ఆమెకి చేతులున్నాయని మెర్విన్‌కి ఎన్నడూ తట్టలేదు. తట్టి ఉంటే తాళంచెవిని కప్పులో దాచేవాడు కాదు. కానీ అది మొత్తం నిజం కూడా కాదు. ఆ మిగతా సగాన్ని నోయెలీన్ మూడేళ్ళుగా కడుపులో దాచుకుంది.

బయట హారన్ మోగింది. స్పడ్ మొరగబోయి, వచ్చింది కాలిన్ అని వాసన పట్టి మానేసింది.

కాలిన్ ఆ క్లబ్బు కార్యదర్శి. చలికాలం తలుపు తడుతున్నా మోకాళ్ళ పైకి నిక్కరే వేసుకు తిరుగుతాడు. చంకలో ఫైలుతో, అడక్కుండానే లోపలికొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏంటోయ్, ఇల్లు ఇంత ప్రశాంతంగా ఉంది? కొట్టుకోవడం అయిపోయిందా, ఇంకా మొదలవలేదా?"

ఎవరూ నవ్వలేదు.

"నోల్, నీ స్కోన్లు ఇంకా ఏమైనా మిగిలాయా? ఊళ్ళో అందరూ వాటి గురించే చెప్పుకుంటున్నారు. ఒక్క స్కోన్‌తో నాలుగు రైఫిళ్ళు పట్టించావని!"

"నీ నోట్లో ఎన్ని పెడితే అది మూతపడుతుందో చెప్పు, అన్ని చేస్తాను," అంది నోయెలీన్.

కాలిన్ గొంతు సవరించుకుని ఫైలు తెరిచాడు. "సరే, పనిలోకొద్దాం. ప్రమాణ పత్రం టైపు చేయించాను. నోల్ సంతకం పెడితే చాలు. మందుల షాపు గ్రెటాకి సాక్షి సంతకం పెట్టే అధికారం ఉంది, మాట్లాడి వచ్చాను. రేపు పొద్దున్నే పంపేస్తాం. క్లబ్బు తరఫున ఉత్తరం కూడా జత చేస్తాం. నూరేళ్ళ చరిత్ర, ఒక్క ప్రమాదం లేదు, మచ్చలేని కెప్టెన్, అవీ ఇవీ."

కాగితాన్ని నోయెలీన్ ముందుకి జరిపాడు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది.

*నా భర్త తాళంచెవిని ఎక్కడ ఉంచుతాడో నాకు ఎప్పుడూ తెలియదు. తనిఖీకి ముందు రోజు షెల్ఫు శుభ్రం చేస్తుండగా అది అనుకోకుండా నా కంటపడింది. నేను ఏనాడూ ఆ బీరువాను తెరవలేదు. అందులోని ఆయుధాలను గాని, వాటి భాగాలను గాని ముట్టుకోలేదు.*

మొదటి వాక్యం ఆవిడకి పెద్దగా ఇబ్బందనిపించలేదు. రెండోదీ మింగగలదు. మూడో వాక్యం దగ్గర వేలు ఆగిపోయింది. నాలుగోది చదివేసరికి చెవులు వేడెక్కాయి.

వంటింటి వెనక బట్టలుతికే గదిలో, సబ్బుపొడి డబ్బాల వెనక, పై అరలో ఒక పాత రేకు డబ్బా ఉంది. ఒకప్పుడు అందులో పిండి జిగురు ఉండేది. క్లబ్బులో ఎలక్ట్రానిక్ టార్గెట్లు రాకముందు, టార్గెట్ల కింద లోతుగా తవ్విన కందకంలో ఆడపిల్లలు కూర్చునేవాళ్ళు. పైన తూటా చెళ్ళుమని పోగానే టార్గెట్‌ని కిందికి లాగి, కన్నానికి జిగురుతో కాగితం ముక్క అంటించి, మళ్ళీ పైకెత్తేవాళ్ళు. ఇరవై ఏళ్ళ నోయెలీన్ ఆ కందకంలోనే మెర్విన్‌తో ప్రేమలో పడింది, ముఖం చూడకముందే. ఐదో నంబరు టార్గెట్‌లో కన్నాలన్నీ నడిమధ్యే పడుతున్నాయి. అంటించీ అంటించీ చేతులు పడిపోయాయి. ఇంత నిలకడైన మనిషెవడా అని సాయంత్రం పైకెక్కి చూసింది.

ఆ డబ్బాలో ఇప్పుడు జిగురు లేదు. పాత పిల్లో కవరు ముక్కలో చుట్టిన ఉక్కు బోల్టు ఉంది. వెనక్కి లాగి, ముందుకి తోసి, తూటాని గొట్టంలోకి ఎక్కించే బోల్టు. మెర్విన్ తాత నాటి రైఫిల్‌ది. అది లేకపోతే ఆ రైఫిల్ పేలదు.

"ఏంటి నోల్, అక్షరాలు కనపడటం లేదా?" అన్నాడు కాలిన్.

"కనపడుతున్నాయి. అదే వచ్చిన బాధ."

ఇంకో బండి వాకిట్లో ఆగింది. ఈసారి స్పడ్ గెంతుకుంటూ పరిగెత్తింది. కూతురు టానియా వచ్చింది. యాభై మైళ్ళ అవతల పెద్దాసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డులో నర్సు. డ్యూటీ దిగి, బట్టలు కూడా మార్చుకోకుండా వచ్చేసింది. షెల్ఫు మీది వెండి కప్పు ఆమెదే. పదిహేనేళ్ళ వయసులో జూనియర్ చాంపియన్‌గా గెలుచుకుంది.

"నా కప్పులో దాచావా నాన్నా?" గుమ్మంలోంచే మొదలుపెట్టింది. "ఊరంతా తెలిశాక, చిట్టచివర నాకు తెలిసింది. అదీ కాలిన్ భార్య ఫోన్ చేస్తే!"

"నీ కప్పు కాబట్టే దాచాను. దాన్ని ఎవరూ ముట్టుకోరనుకున్నాను," అన్నాడు మెర్విన్. కూతురితో మాట్లాడటానికి ఆయనకి కుక్క అవసరం లేదు. "ముట్టుకునేవాళ్ళు ఉన్నారని ఇప్పుడు తెలిసిందిలే."

టానియా బల్ల మీది కాగితాన్ని లాక్కుంది. చదువుతున్నకొద్దీ ముఖం ఎర్రబడింది.

"అమ్మా, దీని మీద సంతకం పెట్టకు."

"ఇదిగో అమ్మాయ్..." అని కాలిన్ ఏదో అనబోయాడు.

"నువ్వుండు కాలిన్. అబద్ధపు ప్రమాణం చేస్తే జైలుకెళ్ళేది మా అమ్మ, నీ నిక్కరు కాదు. ఎప్పుడూ తెలియదట! ముందు రోజే తెలిసిందట! దుమ్ము దులిపే మనిషికి ఇన్నేళ్ళుగా తెలియదంటే ఏ వెర్రివాడు నమ్ముతాడు?"

"నమ్మక్కర్లేదు. ఫైలులో కాగితం ఉంటే చాలు. ఆఫీసులో వాళ్ళకి కావలసింది అదే," అన్నాడు కాలిన్.

మెర్విన్ బల్ల మీద పిడికిలితో గుద్దాడు. స్పూన్లు ఎగిరాయి.

"అసలు నేనేం తప్పు చేశానో ముందు చెప్పండి! తాళం వేశానా లేదా? బీరువా నేలకి బిగించానా లేదా? తూటాలు వేరే పెట్టెలో పెట్టానా లేదా? నాకు తొమ్మిదేళ్ళప్పుడు తుపాకి హ్యాండిల్ మీద అడ్డంగా పెట్టుకుని మెయిన్ రోడ్డు మీద సైకిలు తొక్కేవాణ్ణి. కుందేళ్ళు కొట్టుకురమ్మని మా అమ్మే పంపేది. పోలీసాయన ఎదురొస్తే ఆపి ఏమడిగేవాడో తెలుసా? 'ఎన్ని పడ్డాయిరా?' అని అడిగేవాడు! రెండు ఆయనకిచ్చి వచ్చేవాణ్ణి. బడిలో తుపాకులు కొక్కేలకి తగిలించి, లోపలికెళ్ళి ఎక్కాలు చదివేవాళ్ళం. కంచె గుంజల మీద డబ్బాలు పెట్టి మా నాన్నా నేనూ ఆదివారం అంతా కాల్చుకునేవాళ్ళం. డబ్బా ఎగిరితే మా నాన్న నవ్వేవాడు. ఆయన నవ్వడం నేను ఇంకెక్కడా చూడలేదు, ఆ కంచె దగ్గర తప్ప!"

ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

"తొంభై ఆరులో ఒకడు తుపాకితో అంతమందిని చంపిన ఆ ఘోరం జరిగాక, కొన్ని రకాల తుపాకులు ప్రభుత్వానికి ఇచ్చేయమన్నారు. ఇచ్చేశాను. మా నాన్న కొనిచ్చిన తుపాకిని నా కళ్ళముందే మిషన్లో వేసి నలిపారు. నోరెత్తలేదు. పిల్లలు చచ్చిపోయారు, ఇవ్వాలి, అనుకున్నాను. ఇప్పుడు ఆ సార్జెంట్ పిల్ల, నా కూతురికన్నా చిన్నది, నా ఇంట్లో నా స్కోన్ తిని, నన్ను దొంగలా చూస్తుందా?"

"నేను చేసిన స్కోన్," అంది నోయెలీన్.

"ఆ రోజులు నాకూ ఇష్టమే నాన్నా," అంది టానియా. గొంతు తగ్గించింది గాని కోపం తగ్గలేదు. "ఆ కప్పు ఊరికే రాలేదు నాకు. ఇప్పటికీ ఎక్కడైనా తుపాకి మందు కాలిన వాసన వస్తే ముందు నాకు శనివారాలే గుర్తొస్తాయి. నువ్వు నా భుజం సర్దడం, అమ్మ ఫ్లాస్కుతో టీ తేవడం. నాకంటే ఎవరు బాగా కాల్చారు ఆ రేంజిలో? అయినా మానేశాను. ఎందుకు మానేశానో ఇన్నేళ్ళలో ఒక్కసారి అడిగావా?"

"పట్నం బుద్ధులు అబ్బాయనుకున్నాను."

"తుపాకి గాయంతో మా వార్డుకొచ్చేవాళ్ళలో రౌడీలు లేరు నాన్నా. దొంగలు లేరు. యూట్ ట్రక్కులూ, గొర్రెలూ, బాంకు అప్పుల ఉత్తరాలూ ఉన్న నీలాంటి నాన్నలు. తాళాలు సరిగ్గా వేసుకున్నవాళ్ళే. తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉంది కదా!"

"మన క్లబ్బులో నూరేళ్ళలో ఒక్కడికి గోరు ఊడలేదు," అన్నాడు కాలిన్.

"రేంజిలో ఊడలేదు. బారీ హోగన్ సంగతేమిటి?"

కాలిన్ చూపు దించుకున్నాడు. "బారీది ప్రమాదం. తుపాకి తుడుస్తుండగా..."

"ఆగస్టులోనా? తెల్లవారకముందా? ఇల్లు వదిలి పొలంలోకి పోయి, యూట్‌లో కూర్చుని తుడుచుకున్నాడా? ఆయన శవాన్ని నేనే కడిగాను కాలిన్. ఊరంతా ప్రమాదం, ప్రమాదం అంటే నేనూ తల ఊపాను. సిగ్గులేక ఊపాను!"

మెర్విన్ లేచి కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. బారీ ఆయన చిన్ననాటి నేస్తం. ఇద్దరూ ఒకే సైకిల్ మీద కుందేళ్ళ వేటకి పోయినవాళ్ళు. ఆ పేరు ఈ ఇంట్లో మూడేళ్ళుగా ఎవరూ ఎత్తలేదు.

నోయెలీన్‌కి ఆ ఆగస్టు కళ్ళ ముందు కదిలింది. మూడో ఏడూ వాన లేదు. గడ్డి లేదు, కొనడానికి తాహతు లేదు. బారీని పూడ్చిన రెండు వారాలకి మెర్విన్ తన గొర్రెల కోసం గొయ్యి తవ్వించాడు. లేవలేకపోతున్నవి మూడు వందల పైచిలుకు. తాత రైఫిల్ తీసుకెళ్ళి, ఒక్కొక్కదాన్నీ తనే కాల్చాడు, ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఇంటికొచ్చి, రైఫిల్ తుడిచి, బీరువాలో పెట్టి, తాళం వేసి, చొక్కా అయినా విప్పకుండా స్నానాల గదిలో నీళ్ళ కింద నిలబడ్డాడు. ఆ నీళ్ళ చప్పుడు వినపడుతున్నంతసేపే టైము దొరికింది నోయెలీన్‌కి. కప్పులో చెయ్యి పెట్టింది. బీరువా తెరిచింది. తాళం మళ్ళీ వేసేటప్పుడు తాళంచెవి రెండుసార్లు కింద పడింది.

ఆ రైఫిల్‌ని ఇక ముట్టనని మెర్విన్ మర్నాడు అన్నాడు. ముట్టలేదు కూడా. శనివారాలు వేరే రైఫిల్‌తో రేంజికి పోయేవాడు. బోల్టు లేదని ఆయనకి తెలియలేదని నోయెలీన్ నమ్మకం. తిరిగి పెట్టేద్దామని ఎన్నిసార్లు అనుకుందో! ఆగస్టు రానీ, పోనీ, అనుకునేది. ప్రతి ఏడూ ఆగస్టు వస్తూనే ఉంది.

ఇప్పుడు నిజం చెబితే సంజాయిషీ ఉండదు. భార్య భయపడి బోల్టు దాచుకున్న మనిషికి ఏ ఆఫీసూ లైసెన్సు తిరిగివ్వదు. నూరేళ్ళ పండగ పోతుంది, శనివారాలు పోతాయి, ఈ మనిషి నవ్వే చోటు ఒకే ఒక్కటి, అదీ పోతుంది. చెప్పకపోతే దేవుడి మీద ఒట్టేసి అబద్ధమాడాలి. అబద్ధమాడితే ఆ నాలుగూ ఇంటికొస్తాయి.

"ఈ ఆఖరి వాక్యం కొట్టెయ్యి కాలిన్. సంతకం పెడతాను," అంది.

"ఏ వాక్యం? ముట్టుకోలేదన్నదా? అది ఉంటేనే కదా నోల్, మిగతాదానికి విలువ! అదెందుకు కొట్టెయ్యాలి?"

నోయెలీన్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. టానియా కాగితం మీంచి తలెత్తి తల్లిని చూసింది.

మెర్విన్ కిటికీ దగ్గర్నించి ఇటు తిరిగాడు. రెండు రోజుల తర్వాత మొదటిసారి భార్య ముఖంలోకి సూటిగా చూశాడు.

"ముట్టుకున్నావా?"

ఆవిడ నోరు తెరిచేలోగా బల్ల మీద ఫోన్ మోగింది. ఏళ్ళ తరబడి కాల్చీ కాల్చీ మెర్విన్‌కి ఎడమ చెవి పోయింది, కుడి చెవి సగం పోయింది. అందుకే ఆయన ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది. నొక్కగానే గొంతు ఇల్లంతా వినపడింది.

"మిస్టర్ ట్రెలోర్? సార్జెంట్ మాక్రే. మీ రైఫిళ్ళ జాబితా రాస్తున్నాను. ఒకదానితో చిన్న చిక్కొచ్చింది. చెక్క మీద ట్రె అని చెక్కి ఉంది, పాతది. దానికి బోల్టు లేదు."

కాలిన్ గబగబా ముందుకి వంగాడు. "వాళ్ళే పోగొట్టారను! పట్టుకోరా మెర్వ్, దొరికింది మనకి అవకాశం! మా తాత తుపాకి పాడు చేశారని కంప్లైంటు పెట్టు, ఆ పిల్లే కాళ్ళబేరానికొస్తుంది," అని గుసగుసలాడాడు. పళ్ళు బిగించి అన్న ఆ మాట గది నాలుగు మూలలా వినపడింది.

నోయెలీన్ కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. ఇక మెర్విన్ అరుస్తాడు. ఆ పిల్లని నానా మాటలూ అంటాడు. తన మూలంగా ఆ పిల్ల ఉద్యోగానికి మచ్చ పడుతుంది.

మెర్విన్ అరవలేదు.

"అది మీ దగ్గర పోలేదు సార్జెంట్. బీరువాలోనే లేదు. మూడేళ్ళుగా లేదు."

నోయెలీన్‌కి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"మీకు తెలుసా? ఎప్పుడు చూశారు?"

"గొర్రెల్ని పూడ్చిన మర్నాడు. తెల్లవారకముందు."

టానియా అరచేత్తో నోరు మూసుకుంది. కాలిన్ మెల్లిగా వెనక్కి వాలాడు. జోకులేవీ మిగల్లేదు అతని దగ్గర.

"మిస్టర్ ట్రెలోర్, ఆ వేళప్పుడు బీరువా ఎందుకు తెరిచారు?"

మెర్విన్ ఫోన్ వంకే చూశాడు. చెప్పక్కర్లేదు, ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిపోయింది.

నోయెలీన్ లేచింది. బట్టలుతికే గదిలోకి వెళ్ళి, సబ్బుపొడి డబ్బాలు పక్కకి తోసింది. ఒకటి కిందపడి పొడంతా ఒలికింది. పడనీ. రేకు డబ్బా తెచ్చి, సరిగ్గా ఆ ప్రమాణ పత్రం మీద పెట్టి, మూత ఊడబీకింది.

"నేను తీశాను సార్జెంట్. నోయెలీన్‌ని. ఇదిగో నా ముందే ఉంది." అని, మొగుడి వైపు తిరిగింది. అప్పుడు పొంగింది కోపం, మూడేళ్ళదీ ఒక్కసారిగా.

"తెలుసా నీకు? తెలిసి నోరు మూసుకుని కూర్చున్నావా? మూడేళ్ళు మెర్విన్! రాత్రి నువ్వు నీళ్ళకి లేచినా నేను లేచేదాన్ని. షెడ్డులో కాస్త ఆలస్యమైతే ఏదో వంకతో వచ్చేదాన్ని. టార్చి కావాలనీ, ఉప్పు కావాలనీ! షెడ్డులో ఉప్పేమిటే అని నవ్వేవాడివి! తెలిసే నవ్వావా?"

"నువ్వు చెబుతావని చూశాను," అన్నాడు మెర్విన్.

"నువ్వు అడుగుతావని నేను చూశాను!"

"ఏమని అడగను? నా తుపాకి పేలకుండా ఎందుకు చేశావని అడగనా?"

"అడగాల్సింది! చెప్పేదాన్ని. శనివారం శనివారం నువ్వే కదా ఆ లైను పొడుగునా తిరుగుతూ గొంతు చించుకుంటావు! 'బోల్టు తీసి కనపడేట్టు పెట్టండి, బోల్టు తీసిన తుపాకి చేతికర్రతో సమానం' అని! నలభై రెండేళ్ళు విన్నాను. నీ చేతిలో ఉన్నదాన్ని చేతికర్ర చేశాను. నీ రూలే పాటించాను. దానికి నువ్వు రెండు రోజులు కుక్కతో మాట్లాడతావా నాతో మానేసి?"

ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుస్తున్నందుకు ఇంకా కోపమొచ్చింది. టానియా దగ్గరికి రాబోతే చేత్తో ఆపింది.

"నేను మిమ్మల్ని మధ్యలో ఆపలేదు," అంది ఫోన్‌లో సార్జెంట్. ఆ గొంతు మారింది. "కానీ విన్నది వినలేదని నేను రాయలేను మిసెస్ ట్రెలోర్. ఆ బోల్టు తీసుకోవడానికి ఇప్పుడే బయల్దేరుతున్నాను. అరగంటలో ఉంటాను. ఆ సంజాయిషీ మాత్రం... మీ ఇంట్లో ఎవరి సలహా వింటారో నాకు తెలియదు. నేనొక్కటే అడుగుతాను, మిస్టర్ ట్రెలోర్ చెప్పాలి. లైసెన్సు సంగతి తర్వాత. ఈ నాలుగూ మీకు తిరిగి కావాలా?"

మంగళవారం నుంచీ మెర్విన్ కోరుకుంటున్నది అదొక్కటే. కాలిన్ తల పైకెత్తాడు.

మెర్విన్ జిగురు డబ్బాలో చెయ్యి పెట్టి, పిల్లో కవరు ముక్క విప్పాడు. బోల్టు మెరుస్తోంది. తుప్పు లేదు. మూడేళ్ళూ దానికి ఎవరో నూనె రాస్తూ వచ్చారు. దాన్ని బొటనవేలితో తడిమి చూశాడు. భార్య వంక చూశాడు. తర్వాత కుర్చీలో కూలబడి, బల్ల కిందికి వంగాడు.

"స్పడ్," అన్నాడు. మళ్ళీ అన్నాడు. "స్పడ్, ఏం చెప్పమంటుందో ఆవిడనడుగు."

కుక్క లేచి నోయెలీన్ దగ్గరికి వచ్చి నిలబడింది.